దూదిమూటల కింద విత్తనం

మా సుంకమ్మత్త చెప్పకుండా పోయింది. అయినా ఆమె ఏ పని చెప్పి చేసింది గనక! పోయిన నెలలో ఒక బుధవారం పొద్దున ఉరవకొండ బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చుని, సోడా తెప్పించుకుని సగం తాగి, అట్లాగే గోడకు ఆనుకుందట. నిద్రపోతోందనుకుని పక్కనున్న ఆడమనిషి రెండు బస్సులు వెళ్ళేదాకా లేపలేదు. మా తమ్ముడు ఫోను చేసినప్పుడు నేను అనంతపురంలో మా ఇంట్లో పొయ్యి మీద కుక్కరు పెట్టి విజిలు కోసం కాచుకుని ఉన్నాను. ఆ మాట విన్నాక ఎన్ని విజిళ్ళు వచ్చాయో నాకు తెలియదు. పక్కింటావిడ మాడు వాసన పట్టి వచ్చి తలుపు తట్టింది.

డెబ్భై ఆరేళ్ళ మనిషి, మంచాన పడకుండా, ఎవరిచేతా చేయించుకోకుండా పోయింది, పుణ్యాత్మురాలు అన్నారు అందరూ. నాకు మాత్రం ఒళ్ళు మండింది. వచ్చే సోమవారం మా ఇంటికి వస్తానని, పది రోజులుంటానని చెప్పిన మనిషి. ఆ పది రోజుల్లో ఏదో ఒక మధ్యాహ్నం, ఇద్దరమూ భోంచేసి పడుకున్నప్పుడు, ఆమెకు ఒక మాట చెప్పాలని నేను తీర్మానించుకున్నాను. ఇది మొదటి తీర్మానమేమీ కాదు. ఆమె వచ్చిన ప్రతిసారీ అనుకుంటాను, ఆమె సంచి సర్దుకుని వెళ్ళేటప్పుడు మళ్ళీసారి చెప్తాలే అనుకుంటాను. ఇట్లాగే యాభై ఏళ్ళు గడిచాయి. నా పదకొండో ఏట నేను మా నాయనతో అన్న ఒక మాట వల్ల ఆమెను ఇంట్లోంచి పంపేశారు. ఆ మాట అన్నది నేనేనని ఆమెకు చెప్పుకోవాలి. అంతే. ఆ అంత చిన్న మాట నా నోట్లోంచి రాలేదు.

సుంకమ్మత్త మా నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. ఆమెను రాయదుర్గం అవతల ఒక పల్లెకు ఇచ్చారు. మూడేళ్ళు కాపురం చేసి, ఒకరోజు మిట్టమధ్యాహ్నం రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దిగి నడిచి వచ్చేసింది. ఎందుకొచ్చావమ్మా అని మా అమ్మ అడిగితే, "ఈడ్నే ఉంటా వదినే" అంది గానీ ఇంకో ముక్క చెప్పలేదు. నాయన మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నాలుగోరోజు పొలానికి పోతూ సద్ది కట్టమని ఆమెనే అడిగాడు. దాంతో ఉండిపొమ్మన్నట్టే. కానీ ఆ ఉండటం ఎట్లాంటిదో ఇంట్లో అందరికీ తెలుసు. అటువైపు నుంచి ఏడాదికోసారి ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి, పిల్లను పంపండి అని అడిగి, కాఫీ తాగి పోయేవాడు. నాయన "చూద్దాంలేప్పా" అనేవాడు. ఆ పెద్దమనిషి ఉన్నంతసేపూ అత్త దొడ్లోంచి లోపలికి వచ్చేది కాదు. గడ్డివామి పక్కన నిలబడి, ఊడ్చిన చోటే మళ్ళీ మళ్ళీ ఊడుస్తూ ఉండేది.

నన్ను పెంచింది ఆమే. అమ్మకు నా తరవాత తమ్ముడు, వాడి తరవాత పురిట్లోనే పోయిన ఇంకొకడు, ఆ ఇద్దరితో ఆమె ఒంట్లో సత్తువ పోయింది. పొద్దున్నే సంగటి కెలికేది అత్త, రోట్లో ఊరిబిండి నూరేది అత్త, నా తల దువ్వేది అత్త. ముద్దు చేసే రకం కాదు. మాట వినకపోతే నడినెత్తిన మొట్టికాయ పడేది, అది పొద్దుగూకేదాకా చురుక్కుమనేది. కానీ జ్వరమొస్తే రాత్రంతా నా అరికాళ్ళు పట్టుకుని కూర్చునేదీ ఆమే. ఆమె దగ్గర చెనిక్కాయ నూనె వాసన, గోనెపట్ట వాసన కలిసి ఉండేవి. ఇప్పటికీ నాకు ఏ అంగడిలోనైనా గోనెసంచి వాసన తగిలితే, ఎవరో నా జుట్టు గట్టిగా లాగి కట్టినట్టు ఉంటుంది.

మా దిక్కు సేద్యమంతా వేరుశనగ. మేం చెనిక్కాయలంటాం. పోయినేటి పంటలో మంచి కాయలు ఏరి, గోనెసంచుల్లో కట్టి, విత్తనానికని పక్కన పెట్టేవాళ్ళు. మృగశిర కార్తె దగ్గరపడుతుండగా ఆ కాయలు ఒలవాలి. ముందురోజు సాయంత్రం కాయల మీద నీళ్ళు చిలకరించి గోనెపట్ట కప్పితే, పొద్దునకు తొక్క మెత్తబడి, గింజ చిట్లకుండా ఊడొస్తుంది. గింజ చిట్లితే మొలవదు, పొర ఊడినా మొలవదు. ఒలిచే పనికి వీధిలో ఆడవాళ్ళంతా మా పంచలో చేరేవాళ్ళు. పిల్లల్ని కూర్చోబెడితే ఒలిచినవి ఒలిచినట్టు నోట్లో వేసుకుంటారని అత్త ఒక పద్ధతి పెట్టింది. ఒలిచినంతసేపూ ఎక్కాలు గట్టిగా చెప్తుండాలి. నోరు ఆగిందంటే గింజ నోట్లోకి పోయినట్టే లెక్క, మొట్టికాయ పడేది. పన్నెండో ఎక్కం దాటి బడిలో ఎవరికీ రాని రోజుల్లో మా పంచలో పదహారో ఎక్కం మోగేది. ఇన్నేళ్ళు లెక్కల టీచరుగా బతికానంటే ఆ పంచ చలవే.

ఒలిచే ఆడవాళ్ళలో హుసేనమ్మ ఒకతె. మా ఎదురిల్లు. వాళ్ళాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు, ఇంట్లో ఎక్కడ చూసినా దూదిమూటలే. హుసేనమ్మ అత్తకంటే నాలుగేళ్ళు పెద్ద. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. అత్త నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడేది ఈ భూమ్మీద ఆమె ఒక్కదానితోనే.

ఇక ఆ ఏడాది సంగతి. దానికి ముందటేడు మా నాయన మొదటి వానకే విత్తనం వేసేశాడు. పదును అని ఒక మాట ఉంది. విత్తనం మొలిచి నిలబడడానికి చాలినంత తేమ నేలలో ఉండటం. మా ఎర్రనేలలో అది రెండు రోజులకు మించి ఆగదు. అందుకే వాన వెలిసీ వెలవకముందే ఊరు ఊరంతా విత్తే గొర్రులు భుజానేసుకుని పరిగెత్తేది. ముందటేడు ఆ పరుగులో వేసిన విత్తనం మొలిచి, రెండాకులు వేసి, మాడిపోయింది. నెల తరవాత అసలు వాన పడింది. అప్పటికి ఇంట్లో విత్తనం గింజ లేదు. ఆ ఏడాది తిండికి మేము పడిన అవస్థ నేనిక్కడ రాయను. అమ్మ చెవి కమ్మల చోట వేపపుల్లలు పెట్టుకుని తిరిగింది, అది చాలు.

కాబట్టి ఈసారి అత్త చెప్పకుండా ఒక పని చేసింది. ఒలిచిన రోజుల్లో హుసేనమ్మ సాయంత్రం ఇంటికి పోతున్నప్పుడు దూది కట్టుకునే పాతగుడ్డలో నాలుగు శేర్లు, అయిదు శేర్లు విత్తనం మూటగట్టి ఇచ్చేది. అట్లా మొత్తం మూడు గోనెమూటల గింజలు వాళ్ళింట్లో దూదిమూటల కిందికి చేరాయి. మొదటి వాన మోసం చేస్తే రెండో వానకు ఉంటాయని. నేను చూశాను. చూసినదాన్ని చూసినట్టు పట్టుకుని, అత్త నా గడ్డం పైకెత్తి, ఎవరడిగినా నాకు తెలీదను, సరేనా అంది. అంత పెద్ద రహస్యం నాకొక్కదానికే దక్కిందని నేను వారం రోజులు కాళ్ళు నేల మీద ఆననట్టు తిరిగాను.

ఆరుద్ర కార్తెలో ఒక మధ్యాహ్నం వాన పడింది. గంటసేపు బాగానే దంచింది. మర్నాడు పొద్దున్నే నాయన, అత్త, వాళ్ళ వెనక నేను పొలానికి పోయాం. అత్త గట్టు మీద చెప్పులు విడిచి, చేని మధ్యకు నడిచి, మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తవ్వింది. పైమట్టి ముద్దయింది. ఆ కిందిది వేళ్ళ సందుల్లోంచి పొడిగా రాలింది. అక్కడా ఇక్కడా నాలుగు చోట్ల చూసింది. నాయన గట్టు మీదే నిలబడి బీడీ కాలుస్తూ, పక్క పొలాల్లో ఎద్దుల్ని కడుతున్నవాళ్ళ వైపు చూస్తున్నాడు. అందరూ కడుతున్నారు.

"అన్నా, నాలుగు వేళ్ళ కింద బూడిద మాదిరి ఉండాది. పైతేమా కిందితేమా కలవలేదు. ఇంకొక వాన పడనీ" అంది అత్త.

నాయన బీడీ పారేశాడు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. మీ ఇంట్లో నిలబడి చెప్పుకోపో ఈ మాటలు."

'మీ ఇంట్లో' అన్నాడు. అత్త లేచి చేతులు దులుపుకుంది. గొర్రు వెనక నడుస్తూ గింజ జారవిడవడంలో మా ఊళ్ళో ఆమెను మించిన చెయ్యి లేదు, జానెడుకొక గింజ, కొలిచి వేసినట్టు పడేది. నాయనకు కోపం ఎంత ఉన్నా విత్తేది మాత్రం ఆమె చేతనే. ఇద్దరు జీతగాళ్ళు, అత్త గొర్రు దగ్గర మొదలుపెట్టారు. నాయన మిగతా విత్తనం బండిలో తేవడానికి ఇంటికి వచ్చాడు. నేను బండిలో ఎక్కి కూర్చున్నాను.

ధాన్యపు గదిలో ఎనిమిది గోనెమూటలు ఉండాల్సిన చోట అయిదే ఉన్నాయి. నాయన గోనెలన్నీ లాగి పడేశాడు, తవుడు కుండల వెనక చూశాడు, కట్టెల అటక మీద చూశాడు. బయట ఎండ ఎక్కుతోంది. ఎండ ఎక్కిన కొద్దీ పదును పోతుంది, అది ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. వారం కిందటే గార్లదిన్నె నుంచి మా మేనమామ బండి కట్టుకుని వచ్చి, ఒక పూట ఉండి పోయాడు. ఆ సంగతి నాయనకు గుర్తొచ్చినట్టుంది. వంటింటి గడప దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఎద్దుల్ని తోలే ములుకోల ఉంది, దాని కొసన మేకు. "మీ అన్నకు పంపినావా?" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు అంత భయమయ్యేది కాదేమో. అమ్మ పొయ్యి ముందర నుంచి లేచి, తమ్ముణ్ణి చంకనేసుకుని, నేనియ్యలేదు, ఈ పిల్లోని మీద ఒట్టు అంది. ఆయన ఇంకో అడుగు లోపలికి వేశాడు. మేమింక ఈ ఏడు ఏం తిని బతకాలి, మీ పుట్టింటోళ్ళు పెడతారా అంటున్నాడు. అమ్మ గోడకు ఆనుకుంది. వెనక ఇంక జాగా లేదు. ములుకోల పైకి లేచింది.

"నాయనా, అమ్మ ఇయ్యలేదు. హుసేనమ్మ పెద్దమ్మోళ్ళింట్లో దూదిమూటల కింద ఉండాయి. అత్త పెట్టింది."

అన్నాను. నాయన ములుకోల దించాడు. నా వైపు చూడనైనా చూడకుండా ఎదురింటికి పోయాడు. ఆయన దూదిమూటలు వీధిలోకి విసిరేసిన చప్పుడూ, హుసేనమ్మ అరుపులూ వినబడ్డాయి. నేను ధాన్యపు గది మూలన దూరి, మోకాళ్ళలో తల పెట్టుకుని, పదమూడో ఎక్కం చెప్పుకుంటూ కూర్చున్నాను. అమ్మ దెబ్బ తినలేదు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు తలుచుకున్నా, మళ్ళీ ఆ గడపలో నిలబెడితే నేను అదే మాట అంటాను. అందుకే నాకు ఏడుపు కన్నా కోపమెక్కువ. నేను చేసింది తప్పని ఒప్పుకోలేను, తప్పు కాదని ఊరుకోలేను.

ఆ మూడు మూటలూ పొలానికి చేరాయి. పొద్దుగూకేదాకా అత్త వాటిని తన చేత్తోనే విత్తిందని అమ్మ నాకు చాలా ఏళ్ళ తరవాత చెప్పింది. ఒక్క గింజ కూడా వరస తప్పలేదట. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే నాయన, పొద్దున బస్సుకు తయారుగా ఉండు అన్నాడు. అంతే. పెద్ద గొడవేమీ జరగలేదు. మా ఇళ్ళల్లో పెద్ద పెద్ద పనులన్నీ ఇట్లాగే ఒక్క మాటలో అయిపోతాయి.

మర్నాడు పొద్దున ఆమె రేకుపెట్టె పంచలో ఉంది. అత్త నన్ను పిలిచి, ముందర కూర్చోబెట్టుకుని, తలకు నూనె పెట్టింది. ఇప్పుడు అడుగుతుంది అనుకున్నాను. పాపట తీసింది. ఇప్పుడు అడుగుతుంది. చిక్కు విడదీసింది, మూడు పాయలు చేసింది, బిగించి అల్లింది. నా వీపు మీద చెమట కారుతోంది. చెప్పింది నువ్వేనా అని ఒక్కమాట అడిగితే నేను భళ్ళున ఏడ్చి కాళ్ళమీద పడిపోదామని సిద్ధంగా ఉన్నాను. ఆమె రెండో జడ కూడా అల్లింది. రిబ్బను ముడేసింది. "ఎక్కాలు మర్చిపోవద్దు పాపా. పందొమ్మిదోది నీకింకా సరింగా రాదు" అంది. లేచి పెట్టె ఎత్తుకుంది. నాయన వెంట వెళ్ళి రాయదుర్గం బస్సు ఎక్కించి వచ్చాడు.

విత్తనం ఏడోరోజుకు మొలిచింది. చాళ్ళు చాళ్ళుగా చూడ ముచ్చటగా మొలిచింది. చూసినావా, ఆయమ్మ మాట విని ఉంటే ఏమయ్యేది అని నాయన వచ్చినవాళ్ళందరితో అన్నాడు. తరవాత గాలి మొదలయింది. మా దిక్కు ఆ నెలల్లో వీచే గాలి ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్ళకే తెలుసు, మబ్బును ఒక్కచోట నిలబడనీయదు. రోజూ పొద్దున నాయన పొలానికి పోయి వచ్చేవాడు, రోజూ ఒక మాట తగ్గించి మాట్లాడేవాడు. ఇరవై రోజులకు ఆకులు ముడుచుకున్నాయి, నెలకు ఎండిపోయాయి. ఆపైన మూడు రోజులు ఎడతెగని వాన. భూమి మోకాలి లోతున తడిసింది. ఊళ్ళో ఒక్క ఇంట్లో విత్తనం లేదు. నాయన ఆ వానలో గొడుగు కూడా లేకుండా గట్టు మీద నిలబడి ఉంటే జీతగాడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆ ఏడు ఉలవలు చల్లుకున్నాం.

నాయన పోయి అత్తను తీసుకొస్తాడని నేను కాచుకున్నాను. పోలేదు. ఎట్లా పోతాడు, ఏ ముఖం పెట్టుకుని? ఏడాది తరవాత ఆమే వచ్చింది. మళ్ళీ అదే మధ్యాహ్నపు బస్సు. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు వంకరగా అతుక్కుని ఉన్నాయి. అమ్మ ఆ చెయ్యి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాయన చాలాసేపు చూసి, "ఇంగ యాడికీ పోవద్దులే" అని, దొడ్లోకి పోయి ఎద్దుల మధ్య కూర్చున్నాడు. ఆ తరవాత ఏ పెద్దమనిషి వచ్చినా కాఫీ ఇవ్వలేదు. వాకిట్లోనే నిలబెట్టి పంపించేశాడు. అత్త ఎడమచేత్తో విత్తడం నేర్చుకుంది. కుడిచేత్తో వేసినంత వరస రాలేదు.

ఆ తరవాత యాభై ఏళ్ళు నేను ఆమె ముందర జాగ్రత్తగా బతికాను. పెళ్ళయింది, ఉద్యోగమొచ్చింది, పిల్లలు పుట్టారు, మా ఆయన పోయాడు. ప్రతి కష్టంలోనూ సంచి పట్టుకుని వచ్చి నా పక్కన ఉంది ఆమే. మాటల్లో ఎప్పుడైనా విత్తనాల ఊసు వస్తే నేను లేచి కాఫీ పెట్టడానికి పోయేదాన్ని. టీవీలో రాయదుర్గం పేరు వినబడితే చానలు మార్చేసేదాన్ని. ఆమె వంకరవేళ్ళతో బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే, ఆమెకు చేతగానట్టు చాట లాక్కునేదాన్ని. నా చూపు ఆ చేతిమీద పడితే ఆమె అడుగుతుందేమో, లేక నేనే చెప్పేస్తానేమోనని భయం. అరవై ఏళ్ళు దాటిన మనిషిని, వేలమంది పిల్లల్ని బెత్తంతో ఆడించినదాన్ని, ఆమె నా వెనక వచ్చి నిలబడితే మొన్నటిదాకా వీపు బిగుసుకుపోయేది.

పదకొండోదినానికి ఊరికి పోయాను. గుట్టల మీద ఇప్పుడన్నీ గాలిమరలు. మా పొలంలో సగం దానిమ్మ చెట్లు, సగం తమ్ముడు ఇంకా చెనిక్కాయే వేస్తాడు. విత్తనం సర్కారు మూటల్లో వస్తుంది, ఒలిచేది మిషను, విత్తేది ట్రాక్టరు. తమ్ముడి కొడుకు ఫోన్లో మబ్బుల బొమ్మ చూసి ఇంకో వాన ఉందో లేదో చెప్తాడు, చాలాసార్లు నిజమే అవుతుంది. మంచిదే. ఎవరూ విత్తనం దాచక్కర్లేదు, ఎవరూ ములుకోల ఎత్తక్కర్లేదు. అయితే ఆ ఇంట్లో భోజనాలప్పుడు చూశాను, నలుగురు నాలుగు ఫోన్లు చూస్తూ తింటున్నారు. మేమప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ తినేవాళ్ళం. చూసుకున్నామే గానీ, మాట్లాడుకున్నదేమీ లేదు.

కార్యం అయ్యాక ఎదురింటికి పోయాను. హుసేనమ్మకు ఎనభై. కళ్ళు ఆనవు గానీ గొంతు గట్టిదే. పరుపుల పని ఎప్పుడో పోయింది, మనవడు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుడతాడు. మంచమ్మీద పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని, ఇంకెవరికీ చెప్పుకోలేని మాట ఆమెకు చెప్పేశాను. ఆ పొద్దు ఇత్తనం సంగతి నాయనకు చెప్పింది నేనే పెద్దమ్మా, అన్నాను.

"తెల్సు" అంది.

ఎవరు చెప్పారంటే, మీ అత్తే అంది. పొలంలో బండి మీద మూటలు చూడగానే అత్త, ఎవరు చెప్పినారన్నా అని అడిగిందట. నీ మేనకోడలే అన్నాడట నాయన. ఆ సాయంత్రం బస్సుకు తయారుగా ఉండమన్నప్పుడు ఆమె ఒక్కటే అడిగిందట. నువ్వు పొమ్మంటే పోతా, ఎదురు చెప్పను, పిల్ల చెప్పిందని నాకు తెలుసునన్న సంగతి మాత్రం పిల్లకు తెలియనియ్యొద్దు, అది నన్ను చూసినప్పుడంతా భయపడుతుంది అని. నాయన చేత, అమ్మ చేత ఒట్టు వేయించుకుందట. పొద్దున బస్సుకు పోతూ హుసేనమ్మ చేతా వేయించుకుందట. నోట్లో నువ్వుగింజ నానని మనిషి మా నాయన, చచ్చేదాకా ఈ ఒక్క మాట దాచాడు. అమ్మా దాచింది. అంటే నా జడ అల్లినప్పుడే ఆమెకు అంతా తెలుసు.

నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. చచ్చిపోయిన మనిషి మీద అంత కోపం వస్తుందని నాకు తెలియదు. "నన్ను నాలుగు తన్నింటే పోయిండేది గదా పెద్దమ్మా. యాబై ఏండ్లు మోసినా దీన్ని" అన్నాను. నా గొంతుకు లోపలినుంచి వాళ్ళ కోడలు తొంగి చూసి పోయింది.

"మోస్తాండావని ఆయమ్మకేం తెల్సు?" అంది హుసేనమ్మ. "నువ్వెప్పుడన్నా నోరు తెరిచినావా? నువ్వంతా మర్చిపోయినావనే అనుకునింది. 'చిన్నపిల్ల హుసేనా, దానికి నన్ను బస్సెక్కిచ్చింది గూడా గ్యాపకం లేదు, మంచిదే అయింది' అని నాతో ఎన్నిసార్లు చెప్పిందో. నిజ్జంగా మర్చిపోయినావేమోనని నేనూ అనుకున్యా."

ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. తరవాత అడిగాను. ఆ ఏడాది అక్కడ ఏం జరిగింది పెద్దమ్మా, అత్త వేళ్ళు ఎట్ల ఇరిగినాయి, అని. అడిగాక తెలిసింది, ఈ మాట నా నోటివెంట రావడం ఇదే మొదటిసారని.

హుసేనమ్మ తల తిప్పి, ఆనని కళ్ళతో నా వైపు చూసింది.

"నాకు గూడా చెప్పలేదు పాపా. ఇంట్లోవాళ్ళే అడగలేదు, నేనెట్ల అడుగుతా అని ఊరికే ఉంటి."